గన్నవరం నుంచి విశాఖకు గంట

మా బావమరిది నిశ్చితార్థం విశాఖలో, పెళ్లికూతురి ఊళ్లో. ఉయ్యూరు నుంచి మా అత్తవారి బలగమంతా విజయవాడ చేరి పొద్దున్నే రైలెక్కాలని నిర్ణయించుకున్నారు. నేను మాత్రం విమానంలో వస్తానన్నాను.

కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి కదా, అక్కడితో ఊరుకోలేదు. క్యాలెండర్ కాగితం వెనక బొమ్మ గీసి అత్తయ్యగారికి చూపించాను.

"రైలు ఊరూరూ పలకరించుకుంటూ పోతుందండీ. విమానం తిన్నగా పోతుంది. గాలిదారిలో మూడొందల కిలోమీటర్ల లోపే, గంట. మీకు రైల్లో ఆరు గంటలు."

ఆవిడ శ్రద్ధగా విన్నారు. "మరి గన్నవరం దాకా ఎంతసేపండీ అల్లుడుగారూ? అక్కడ దిగాకో?"

"అవన్నీ లెక్కలోకి రావండీ."

ఆ ఊపులో పెళ్లికూతురికి తొడిగే ఉంగరం కూడా నేనే తెస్తానన్నాను. రైల్లో దొంగల భయం, నా దగ్గరైతే భద్రం. నా భార్య ఒక చూపు చూసి, ఉంగరం పెట్టె నా చేతికిచ్చింది.

ఆ రోజు కారు కంకిపాడు దాటేసరికి చెరుకు తోటలు మంచులో మాయమయ్యాయి. గన్నవరంలో తొమ్మిది గంటల విమానం పదికన్నారు, తర్వాత పదకొండుకన్నారు. హైదరాబాదు నుంచి రావలసిన మా విమానం నెత్తిమీద రెండు చుట్లు తిరిగి, నేల కనిపించక వెనక్కి పోయింది. దాని చప్పుడు మాత్రం విన్నాను.

"తుని దాటామండీ. దిగారా?" అని నా భార్య ఫోన్.

"ఇంకా ఎక్కలేదు."

అనకాపల్లిలో మళ్లీ చేసింది. "పోనీ, ఎక్కారా?" తన వెనక మావాళ్లంతా నవ్వడం వినిపించింది.

ముహూర్తం పన్నెండున్నరకు. సరిగ్గా ఆ వేళకు నేను విమానం మెట్లెక్కుతున్నాను. బడలికో, సిగ్గో, బెల్టు పెట్టుకోగానే నిద్రపట్టేసింది. విశాఖలో చక్రాలు నేలకు తగిలిన కుదుపుకు మెలకువ వచ్చింది. గంటే పట్టింది, నా మాట నిజమే. ఆ గంటను నేను చూడలేదంతే.

హాలు చేరేసరికి భోజనాల రెండో బంతి నడుస్తోంది. అత్తయ్యగారు తన వేలి ఉంగరం తీసి కొడుక్కిచ్చి, ముహూర్తం దాటకుండా కానిచ్చేశారట. పెళ్లికూతురి వేలికి అది వదులైతే దారం చుట్టారట.

"లెక్క తప్పిందండీ," అన్నాను ఆవిడకు పెట్టె అందిస్తూ.

"మంచుకి మీరేం చేస్తారండీ? ముందు భోంచెయ్యండి," అని విస్తరి వేయించారు. పక్కనే కూర్చుని, గొంతు తగ్గించి అడిగారు: "పైనుంచి గోదారి ఎలా కనపడిందండీ?"

వెండి పట్టీలా ఉందనబోయాను. ఇంతవరకూ ఒక్కసారీ విమానమెక్కని మనిషి, అంత ఆశగా చూస్తుంటే అబద్ధం నోట్లోంచి రాలేదు.

"నిద్రపోయానండీ."

"గంట కూడా మేలుకోలేకపోయారా!" అని ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు.

తిరుగు ప్రయాణానికి నా పక్కనే ఆవిడకూ టికెట్టు కొన్నాను, కిటికీ సీటు. ఆవిడ అద్దానికి ముక్కు ఆనించి, గంటసేపూ రెప్ప వేయలేదు.

"ఆ చెరువులన్నీ కైకలూరు వైపువేనాండీ?" అన్నారు ఒకచోట.

నాకు ఆవిడ కొప్పు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"అవేనండీ," అన్నాను.