సమాంతర రేఖలూ, మా అక్క నీళ్ల పైపూ

మా ఊరి బడిలో ఐదో తరగతి పరీక్షలో మొదటి స్థానం నాదే. తరగతిలో ఉన్నది నలుగురమేననీ, అందులో ఇద్దరికి ఆ రోజు జ్వరమనీ ఎవరైనా గుచ్చి అడిగితే తప్ప చెప్పను. ఆ తర్వాత ముప్పై ఎనిమిదేళ్లు పట్నం బడిలో రేఖాగణితం చెప్పాను. పరికరం ఏదీ లేకుండా నల్లబల్ల మీద ఒక్క ఊపులో వృత్తం గీసేవాణ్ణి. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన చప్పట్లు కొట్టాడు. పాఠం వినకుండానే వెళ్లిపోయాడనుకోండి, అది వేరే సంగతి.

ఇంతటి ఘనుణ్ణి కాబట్టే, పదవీ విరమణ చేసిన పదకొండేళ్లకు బడివాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "పిల్లలకి నిర్వచనాల పుస్తకం రాసివ్వండి మాస్టారూ. ఒక్క మాట ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు" అని అడిగింది పెద్ద టీచరమ్మ. ఆవిడా ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే.

అరవై ఒక్క నిర్వచనాలు రాశాను. అనవసరమైన మాట కనబడితే చాలు, కొట్టేశాను. నా గురించి నాలుగు పేజీల ముందుమాట కూడా రాసుకున్నాను గాని, అందులో అనవసరమైన మాట ఒక్కటీ కనబడలేదు.

అచ్చు ప్రతి వచ్చింది. సాయంత్రంలోగా దిద్ది ఇచ్చేస్తే మర్నాడే ముద్రణ. నా పేరుతో వచ్చే ఒకే ఒక్క పుస్తకం అది. అందులో తప్పు దొర్లితే ముప్పై ఎనిమిదేళ్ల పరువు గంగలో కలిసినట్టే.

దాన్ని పట్టుకుని మా అక్క దగ్గరికి వెళ్లాను. డెబ్బై ఆరేళ్ల మనిషి, ఇప్పటికీ ముందు గదిలో కుట్టుమిషను తొక్కుతుంది. నేను వెళ్లింది మెచ్చుకోలు కోసమే గాని సలహా కోసం కాదు.

"సమాంతర రేఖలు: ఇరువైపులా ఎంత పొడిగించినా కలవని సరళరేఖలు" అని గొంతు సవరించుకుని చదివాను.

అక్క పళ్ల మధ్య పెట్టుకున్న గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది. "ఒరేయ్, ఆ కిటికీ మీద తెర కర్ర అడ్డంగా ఉందా?"

"ఉంది."

"ఎదురు గోడకి నీళ్ల పైపు నిలువుగా ఉందా?"

"ఉంది. అయితే?"

"రెంటినీ ఎంత సాగదీస్తే కలుస్తాయి?"

"ఎలా కలుస్తాయే? అది ఆ గోడ, ఇది ఈ గోడ."

"మరి అవి సమాంతరమేనట్రా?"

కర్రను చూశాను. పైపును చూశాను. నా చొక్కా గుండీ ఒకటి సవరించుకున్నాను.

"అంటే అక్కా, ఇది కాగితం మీద గీసిన గీతలకి."

"ఆ ముక్క రాశావా?"

రాయలేదు. 'ఒకే తలంలో' అన్న రెండు మాటలు లేవు. నల్లబల్లే లోకంగా బతికినవాడికి లోకమంతా బల్లపరుపే మరి. గబగబా వృత్తం దగ్గరికి వెళ్లాను. 'ఒక బిందువుకు సమాన దూరంలో ఉన్న బిందువులన్నీ' అని ఉంది. ఆ లెక్కన బంతి మీది తోలంతా వృత్తమే!

"పొదుపుగా రాశావులే" అని అక్క మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

తప్పు అచ్చువాళ్ల మీదికి నెట్టేద్దామా అని ఒక క్షణం అనిపించింది. కానీ నా చేతిరాత ప్రతి పెద్ద టీచరమ్మ బీరువాలో భద్రంగా ఉంది. చేసేదేం లేక బడికి నడిచాను.

"అమ్మాయ్, ఒక తప్పు దొర్లింది" అన్నాను. అలవాటు లేని మాట కదా, సగమే పైకి వచ్చింది.

"సమాంతర రేఖలా మాస్టారూ, వృత్తమా?"

"రెండూనే. నీకెలా తెలుసు?"

"అవి తప్పని మా తొమ్మిదో తరగతిలోనే అనుకున్నామండీ. మీతో చెప్పే ధైర్యం ఎవరికుంది?"

"తెలిసీ ఇలాగే అచ్చు వేయించేదానివా?"

ఆవిడ బల్ల మీది కాగితాలు అనవసరంగా సర్దింది. "మీరున్నన్నాళ్లూ ఇలాగే ఉంచి, తర్వాత దిద్దుకుందామని టీచర్లందరం అనుకున్నాం."

"నేను పోయేదాకా అన్నమాట!"

"అయ్యో మాస్టారూ, నిండు నూరేళ్లు ఉండాలి మీరు!"

"అప్పుడు నూరేళ్లూ తప్పే ఉంటుంది కదటే, పిచ్చిదానా."

ఎర్ర కలం అడిగి తీసుకుని రెండు చోట్లా 'ఒకే తలంలో' అని రాశాను. "ఇంకేమైనా ఉన్నాయా?" అన్నాను, లేవంటుందన్న ధీమాతోనే.

ఆవిడ సొరుగు లాగి ఒక కాగితం తీసింది. మడతలు విప్పుతోంది, ఇంకా విప్పుతోంది.

"కూర్చోండి మాస్టారూ."

సాయంత్రానికి ఇంకా రెండు గంటలుంది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.