మండువాకి మూత

మా అత్తవారి ఇల్లు చల్లపల్లి దగ్గర. ముందు భాగం దొరల మోజుతో కట్టింది. మా మామగారి తాతగారు దొరల కచేరీలో పనిచేసేవారట. అందుకని గుండ్రటి స్తంభాలు, కమాను గుమ్మాల మీద రంగురంగుల అద్దాలు, మాట్లాడితే ప్రతిధ్వనించేంత ఎత్తు హాలు. ఆ దర్జా దాటితే అసలు ఇల్లు, మండువా లోగిలి. నాలుగు వైపుల పెంకుల కప్పూ లోపలికే వాలి ఉంటుంది, నడుమ ఆకాశం. వాన నీళ్ళన్నీ చూరుల నుంచి నడుమ వాకిట్లోకి పడి, రాతి తూములోంచి బయటి కాలవలోకి పోతాయి.

పోయినేడాది మా అమ్మాయి పెళ్ళికి విజయవాడలో ఏసీ హాలు మాట్లాడతామంటే అది వినలేదు. ఫొటోలు మండువాలోనే బాగుంటాయట. పుర్రెకో బుద్ధి. శ్రావణమాసంలో వాన రాకుండా ఉంటుందా? డెకరేషన్ వాళ్ళు అద్దంలాంటి ప్లాస్టిక్ షీటు తెచ్చి, నాలుగు వైపులా చూరు కింది దూలాలకి తాళ్ళతో బిగించి, మండువాకి మూత పెట్టేశారు. ఆకాశం కనపడుతుంది, చుక్క పడదు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

మేనమామలు పెళ్ళికూతురిని బుట్టలో తెచ్చి మండువా నడుమ, పెళ్ళికొడుకు ఎదురుగా, పీట మీద కూర్చోబెట్టాక వాన మొదలైంది. ఇద్దరి మధ్యా తెర పట్టారు. ముహూర్తం వేళకి ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టాలి, అంతవరకూ పీటల మీంచి లేవకూడదు. నేను తలెత్తి చూశాను. పైనుంచి పడే వాన ఒక్కటే కాదు, నాలుగు కప్పుల నీళ్ళూ ఆ షీటులోకే చేరుతున్నాయి. అది నిండు చూలాలి పొట్టలా సరిగ్గా వాళ్ళ నెత్తి మీదికి దిగుతోంది. దక్షిణం వైపు దూలం కిర్రుమంది. షీటు అంచు సందులోంచి పెంకొకటి జారి నా కాళ్ళ దగ్గర పగిలింది. బాజాల హోరులో ఎవరికీ వినపడలేదు గానీ నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

బావగారితో చెప్పాను. ఈ ఇల్లు ఎన్ని తుఫాన్లు చూసిందో నీకేం తెలుసమ్మా అని ఆయన నవ్వేశారు. చూసింది, నిజమే, మూత లేనప్పుడు. డెకరేషన్ అతను ఒక తాడు కోసేస్తానన్నాడు. అలా చేస్తే బరువంతా మిగతా దూలాల మీద పడుతుందని మా పెద్దన్నయ్య ఆపాడు. పురోహితులుగారు గడియారం చూసి, ఇంకొంచెం సేపేనండీ అన్నారు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది.

"ఇద్దర్నీ లేపండి," అన్నాను.

వియ్యపురాలు అడ్డొచ్చింది. "పీటల మీంచి లేపడమేంటి వదినగారూ, అరిష్టం కదండీ."

"లేపం. పీటలతోనే మోస్తాం."

బుట్ట మోసిన మా అన్నయ్యలిద్దరే అమ్మాయిని పీటతో సహా ఎత్తి ఉత్తరం వైపు వసారాలోకి చేర్చారు. తెర పట్టుకున్నవాళ్ళు అటు వెళ్ళాలో ఇటు ఉండాలో తెలియక నిలబడిపోయారు. వాళ్ళనూ, జీలకర్ర బెల్లం పళ్ళెంతో సహా పురోహితులుగారినీ నేనే వసారాలోకి నెట్టాను. ఇక పెళ్ళికొడుకు మిగిలాడు. వాళ్ళమ్మ, కదలనిచ్చేది లేదని, అతని పక్కనే నేల మీద చతికిలబడింది. అతను పైకి చూశాడు, తల్లిని చూశాడు. లేవలేదు. ఒక చెయ్యి నేలకి ఆనించి, రెండో చేత్తో తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని, పీటతో సహా దేకుతూ వెనక్కి జరిగాడు. ఆవిడ తిడుతూనే వెంట వచ్చింది. వసారా మెట్టు దగ్గర మా అన్నయ్యలు ఇద్దర్నీ పైకి లాగేశారు.

ముందు దూలం విరిగిన చప్పుడు వినపడింది. ఆ వెనకే షీటు, తాళ్ళు, పెంకులు, దక్షిణం చూరు మొత్తం నడుమ వాకిట్లోకి కూలాయి. సన్నాయి ఆగిపోయింది. నీళ్ళు తూములోకి పోయాక చూస్తే, అమ్మాయి కూర్చున్న చోట దూలం అడ్డంగా పడి ఉంది.

అందరికంటే ముందు పురోహితులుగారే తేరుకున్నారు. ముహూర్తం వచ్చేసిందంటూ జీలకర్ర బెల్లం అందించబోయారు. వియ్యపురాలు ఆయన చెయ్యి పక్కకి తోసేసింది.

"ఉండండయ్యా. పిల్లలకి దెబ్బలేమన్నా తగిలాయేమో చూడనివ్వండి."

ముందు మా అమ్మాయి తల తడిమింది. పాపిడి, జడ, పూల కింద, చెవుల వెనక, అంతా వేళ్ళతో వెతికింది. ఆ తర్వాత కొడుకుని దగ్గరికి లాక్కుంది. పురోహితులుగారు మరోసారి గడియారం చూసుకుని జీలకర్ర బెల్లం తిరిగి పళ్ళెంలో పెట్టేశారు. ముహూర్తం దాటిపోయే వేళకి ఆ ఇద్దరి తలల మీదా ఉన్నవి ఆవిడ చేతులే.