పదో మెట్టు కింద

ఎవ్వలకు చెప్పినా నవ్వుతరు. మీరు గూడ నవ్వుండ్రి, ఫికర్ లేదు. గని అబద్ధం అనొద్దు. ఒట్టెయ్యాల్నంటే అమ్మ మీద వెయ్యాలె, గిది అమ్మ ముచ్చటనే గాబట్టి ఆమె మీద వెయ్యబుద్ధి గాదు. నా కండ్ల మీద వేస్తున్న. ఈ రెండు కండ్లతోని చూసిన.

ముందుగాల నా పని చెప్పాలె, లేకుంటె సమజ్ గాదు.

బీదర్‌ల నౌబాద్ దిక్కు ఉంటం నేనూ అమ్మ. రేకుల ఇల్లు, ఒక్కటే అర్ర. నేను శోభక్క దగ్గర కంప్యూటర్ పని చేస్త, కొంత ఇంటికి గూడ తెచ్చుకుంట. హిప్నాసిస్ ఆడియోలు. "కండ్లు మూసుకోండి, శరీరం తేలికవుతోంది" అని మెల్లగ చెప్తది చూడుండ్రి, గవి. చెప్పేది మనిషి గాదు, మిషన్. రాసిచ్చింది సదువుతది. గని మిషన్‌కు ఊపిరి లేదు కద... ఆగకుంట గడగడ సదివేస్తది. ఏడ ఆగాలె, ఎన్ని సెకన్లు ఆగాలె, గది నేను పెట్టాలె. నాది కన్నడ మీడియం, పదో తరగతి. తెలుగు రాసుడు మా మామ నేర్పిండు. గందుకే తెలుగువన్ని నాకే ఇస్తది అక్క.

"గడియారం చూసి పెట్టకే సునీ," అంటది శోభక్క. "ఊపిరి చూసి పెట్టు. ఇనేటోళ్ల ఊపిరి బయటికి పోయినంకనే ఇంకో మాట రావాలె." ఆఖరికి ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టి మనిషిని లేపాలె. దించినోళ్లమే ఎక్కియ్యాలె అంటది.

అమ్మ పప్పు మిల్లుల పని చేస్తది. మూడు నెలల సంది ఆమెకు నిద్ర లేదు. గోలీలు మింగినా లేదు. ఒకరోజు మిషన్ పక్కన కూసున్నకాన్నే కునుకు పట్టింది... కొంగు బెల్టుల పడ్డది. పక్కన పనిచేసే ఆమె గుంజింది గాబట్టి బతికింది. ఇంకోపారి కునుకు తీస్తే రానేవద్దు అన్నడంట శేట్. పని పోతె పోనియ్యి... చెయ్యి పోతె ఏం జెయ్యాలె?

గందుకే అక్కకు చెప్పకుంట ఒక ఫైల్ చేసిన. భయం పోతందుకు అని వచ్చిన స్క్రిప్టు ఒకటి ఉండె. అండ్ల పది మెట్లు దిగుడు ఉంటది. ఒక రాత్రి అమ్మకు జెరంత కన్ను మలిగితె పక్కన కూసొని ఆమె ఊపిరి లెక్కపెట్టిన. లోపలికి మూడు. బయటికి ఐదు. బరాబర్ గదే లెక్కల ఆపుకుంట పోయిన, ఆమె కొలతకు జాకెట్టు కుట్టినట్టు. ఇగ ఆఖరికి ఒకటి నుంచి ఐదు ఉంటది కద... గది కోసేసిన. నిద్ర పట్టినామెను మళ్ల లేపుడు ఎందుకని.

గదే నేను చేసిన తప్పు.

ఆ రాత్రి లైట్ బంద్ చేసి ఫోన్ అమ్మ తల కింది మెత్త పక్కన పెట్టిన. షురూ అయింది.

"ఎవర్తే ఇది, టీవీల వార్తలు చెప్పినట్టు చెప్తది?" అన్నది అమ్మ.

"మిషనే. నువ్వు కండ్లు మూసుకో."

"అన్నం తిన్నదో లేదో అడుగు పాపం."

నవ్వినం ఇద్దరం. మూడో మెట్టుకు అమ్మ నవ్వుడు ఆగింది. ఐదో మెట్టుకు ఊపిరి భారమైంది. లోపలికి మూడు... బయటికి ఐదు. ఆవాజ్ ఆగినప్పుడల్ల ఆమె ఊపిరి, ఊపిరి ఆగినప్పుడల్ల ఆవాజ్. నాకు మస్తు ఖుషీ అయింది. నా పని ఇంత మంచిగ ఎన్నడు కుదరలే.

"పదో మెట్టు... ఇక్కడే ఉండండి."

ఫైల్ అయిపోయింది. స్క్రీన్ నల్లగైంది.

అమ్మ గురక పెడ్తది. ఎన్నడు జెర కన్ను మలిగినా చాలు, గురక. ఆ రాత్రి లేదు. ఊపిరి గట్లనే... లోపలికి మూడు, బయటికి ఐదు. ఒక్కటి గూడ ఎక్కువ తక్కువ లేదు. రేకు మీద ఏదో టక్ మన్నది. మళ్ల సప్పుడు లేదు.

తర్వాత ఊపిరి బయటికి పోయింది... లోపలికి రాలే.

నేను లెక్కపెట్టిన. ఐదు. ఎనిమిది. పన్నెండు.

"అమ్మా."

భుజం పట్టి ఊపిన. చల్లగ లేదు, వెచ్చగనే ఉంది. గని నిండు బస్తా లెక్క బరువు. "అమ్మా, లే."

అప్పుడు... ఆమె పెదాలు కదిలినయి.

"ఒకటి."

ఆగింది. ఆరు సెకన్లు.

"రెండు... మీ కాళ్లలోకి శక్తి వస్తోంది."

అది నేను కోసేసిన ముక్క. ఆరు సెకన్లు గూడ అక్క కోసం చేసిన అసలు ఫైల్‌ల నేను పెట్టినయే. అమ్మ అది ఇననే లేదు. గొంతు అమ్మదే... గని ఆ మాట్లాడుడు అమ్మది గాదు.

"మూడు."

ఆరు సెకన్లు.

"నాలుగు."

ఆరు. పది. పదిహేను. నేను ఐదు కోసం చూస్తున్న. నోరు తెరిచిన, నేనే అందామని. ఇగ అప్పుడు ఇనబడ్డది. మెల్లగ. చెవి పక్కన్నే.

"ఐదు."

నేను అనలే. అమ్మ పెదాలు కదలలే. ఫోన్ బంద్ ఉంది, మెత్త పక్కన నల్లగనే ఉంది.

అమ్మ కండ్లు తెరిచింది.

"ఏందే గట్ల చూస్తున్నవ్? తెల్లారిందా?"

"లేదమ్మా. ఎట్లున్నవ్?"

"మంచిగనే ఉన్న." అటు మర్లి పండుకుంట అన్నది, "మెట్లు మస్తున్నయే ఆడ. ఆమె పదే అంటది గని... కిందికి ఇంకా ఉన్నయి."

తెల్లారి శోభక్కకు అంత చెప్పిన. తిట్టింది ముందు. తర్వాత అన్నది, "ఇంట్ల నువ్వు పని చేసేటప్పుడు మీ అమ్మ ఇని ఉంటది, నిద్రల గదే అన్నది. ఐదు అన్నది నువ్వే పిల్లా, భయానికి నీకే ఎరుక లేదు." కావచ్చు. నేను ఎప్పుడూ ఇయర్‌ఫోన్ పెట్టుకునే పని చేస్త... అనుకుంట. ఒక్కపారి మర్చిపోయిన్నేమో. ఏమో.

ఆ ఫైల్ తీసేసిన. ఫోన్ల, కంప్యూటర్ల, అంతట. అక్క ముంగట్నే తీసేసిన.

మూడు వారాలైతాంది. అమ్మ ఇప్పుడు పక్కల పడితె చాలు, నిద్ర. గురక లేదు. మిల్లుల కునుకు లేదు, శేట్ నోరెత్తుతలేడు. ముఖం తేటగైంది. ఖుషీ గావాలె కద నేను.

నిన్న రాత్రి కాళ్లు వత్తుకుంట అడిగిన, "అమ్మా, ఇంత మంచిగ నిద్ర ఎట్ల పడ్తాందే నీకు?"

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"రోజూ నువ్వే పెడ్తున్నవ్ కదనే... ఆ మిషనామెను."

ఆమె మంచిగ పండుకుంటాంది కద... "ఆ, అవ్ అమ్మా" అన్న.