ఖైరున్నిసా మేడమ్ నాతో చెప్పిన మాట

మొన్న పొద్దున ఒక ఆన్‌లైన్ మీటింగులో ఎవరో మైకు ఆపడం మరిచిపోయారు. వాళ్ళ వంటింట్లో కుక్కరు మూడుసార్లు కూత పెట్టింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నానేమో, ఆ కూత నేరుగా నా చెవిలోనే పడింది. అందరూ నవ్వారు. మైదుకూరులో మా మిద్దె మీది గదిలో కూర్చున్న నాకు మాత్రం ఆ తర్వాత కాసేపు ఎవరేం మాట్లాడుతున్నారో తలకెక్కలేదు. ఖైరున్నిసా మేడమ్ గొంతు వెనక ఎప్పుడూ ఆ కూత ఉండేది. కర్నూలులో తన వంటింటి గట్టు మీదే కంప్యూటరు పెట్టుకుని, ఒక చెవి పప్పు మీద, ఒక చెవి మా మాస్టర్ల మీద వేసి ఆమె తన కోచింగు సంస్థను నడిపేవారు.

అంతకు ముందు ఆ సంస్థ పాత బస్టాండు దగ్గర ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో ఉండేది. ప్రభుత్వ బళ్ళలో టీచరు ఉద్యోగాల పరీక్షకు అక్కడ కోచింగు ఇచ్చేవారు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పల్లెల ఆడపిల్లలు. నేను రెండుసార్లు ఆ పరీక్ష తప్పి, ఆమె దగ్గర చేరి, మూడోసారీ తప్పాను. ఊరికి పోతానని చెప్పడానికి వెళ్తే, "నీకు లెక్కలు వస్తాయి శేఖరా, పరీక్ష రాయడమే రాదు. ఈడనే ఉండి పిల్లోళ్ళకు చెప్పు," అన్నారు. అలా నేను మాస్టరునయ్యాను. నా మొదటి క్లాసుకు ఆమె చివరి బెంచీలో కూర్చున్నారు. అయిపోయాక అందరూ వెళ్ళేదాకా ఆగి, "ప్రశ్న నువ్వే అడుగుతాండావు, జవాబూ నువ్వే చెప్పుకుంటాండావు. ఇంక వాళ్ళెందుకు ఈడ?" అన్నారు. నాకు ముఖం చెల్లలేదు. "అడిగినాక నోరు మూసుకో. వాళ్ళు చెప్పేదాకా ఆగు. ఊరికే ఉండి వినడం శానా కష్టం. మన పని అదే." అప్పటిదాకా పాఠం చెప్పడమంటే మాట్లాడడమేనని అనుకుంటూ ఉన్నాను.

కరోనా వచ్చి గదులకు తాళం పడ్డాక అందరిలాగే మేమూ వీడియో క్లాసులు మొదలుపెట్టాం. పిల్లలు కెమెరాలు ఆపుకునేవారు. తెర మీద పేర్లున్న నల్లటి గళ్ళు తప్ప ఏమీ కనిపించేది కాదు. అప్పుడు మేడమ్ పాత విద్యార్థి ఒకాయన ఒక వెబ్‌సైటు చూపించాడు. మామూలు పేజీలాగే బ్రౌజరులో తెరుచుకుంటుంది. లోపల పైనుంచి చూస్తున్నట్టు ఒక భవనం బొమ్మ ఉంటుంది. గదులు, బల్లలు, తలుపులు అన్నీ మనమే గీసుకోవచ్చు. ప్రతి మనిషికీ బొటనవేలంత బొమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని బాణం గుర్తుల మీటలతో నడిపించుకుంటూ ఎవరి దగ్గరికి పోతే వాళ్ళ మాట వినిపిస్తుంది. దూరం జరిగేకొద్దీ గొంతు సన్నబడి ఆగిపోతుంది. మేడమ్ అది చూసి మొదట అడిగింది క్లాసు గది గురించి కాదు.

"దీంట్లో వరండా పెట్టొచ్చునా?"

ఎందుకని అడిగాను. "క్లాసులో నోరు తెరవని పిల్ల వరండాలో అడుగుతాది. మనం నాలుగడుగులు వేసే లోపల ఎనకాల్నే వచ్చి అడుగుతాది. ఆ నాలుగడుగుల జాగా ఉండాల."

ఆమె చెప్పినట్టే అయింది. పత్తికొండ దగ్గరి పల్లె నుంచి లక్ష్మీదేవి అనే అమ్మాయి ఉండేది. క్లాసులో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. క్లాసయ్యాక ఆమె బొమ్మ నా బొమ్మ వెనకే వరండాలోకి వచ్చి ఆగేది. టమోటా మార్కెట్టులో వాళ్ళ నాయనకు అన్నం క్యారియరు ఇచ్చి, అక్కడే గంపల పక్కన కూర్చుని ఫోనులో క్లాసు వినేదట. వెనక వేలం కేకలు వినిపిస్తుండగా, "సార్, ఆ కాలము పని లెక్క ఇంకోసారి చెప్తారా, కోపం చేసుకోవద్దండి," అనేది. ఆ వరండా లేకపోతే ఆమె ఎప్పటికీ అడిగి ఉండేది కాదు.

బస్సులు తిరగడం మొదలయ్యాక కూడా మేడమ్ ఆ బొమ్మల భవనాన్ని వదల్లేదు. బస్సెక్కి రాలేని ఆడపిల్లలు దాంట్లో చాలామంది ఉన్నారు. ఆమె మందుల షాపు పైనున్న గదులు ఖాళీ చేశారు. నేనూ మైదుకూరు వచ్చేశాను. మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు మేమంతా ఆ బొమ్మల భవనంలోని స్టాఫ్‌రూములో ఎవరి బల్ల దగ్గర వాళ్ళు ఉండాలి. మేడమ్ బొమ్మ ఒక్కో బల్ల దగ్గరికీ వచ్చి మాట్లాడి పోయేది. వినేటప్పుడు మైకు ఆపుకోవడం మాకు అలవాటు.

నేను చేసిన తప్పు ఆ రెండు గంటల్లోనే మొదలైంది. కడపలో కొత్తగా పెట్టిన ఇంకో కోచింగు సెంటరు వాళ్ళు ఆన్‌లైన్లో లెక్కలు చెప్పమన్నారు. వాళ్ళకు కుదిరిన వేళ కూడా అదే. అవసరం ఉండి ఒప్పుకున్నానని చెప్పుకోవచ్చు గానీ, ఇంకొకరు పిలిచి అడిగారన్న గర్వమే ఎక్కువ. నా బొమ్మను స్టాఫ్‌రూములో బల్ల దగ్గర నిలబెట్టి, ఆ పేజీ శబ్దం ఆపేసి, పక్క ట్యాబులో వాళ్ళకు పాఠం చెప్పేవాణ్ణి. ఎవరూ కనిపెట్టలేదు. బొమ్మ ఎప్పుడూ కళ్ళు తెరుచుకునే ఉంటుంది కదా.

ఒకరోజు పాఠం ముగించి వెనక్కి వచ్చేసరికి మేడమ్ బొమ్మ స్టాఫ్‌రూము తలుపు దాటుతూ కనిపించింది. పట్టించుకోలేదు. మర్నాడు పొద్దున క్లాసయ్యి నేను స్టాఫ్‌రూములోకి రాగానే ఆమె నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చారు.

"నిన్న చెప్పింది గుర్తుండాది కదా శేఖరా?"

నిన్న నేను పక్క ట్యాబులో ఉన్నప్పుడు ఆమె ఏదో చెప్పారని అప్పుడు తెలిసింది. "ఉండాది మేడమ్," అన్నాను.

"ఇంకోసారి చెప్పాల్నా?"

"అక్కర్లేదు మేడమ్. నేను చూసుకుంటా."

"నువ్వు నడుమ ఒక్క మాట మాట్లాడినా నేను చెప్పలేకపోయేదాన్ని. ఇన్నేండ్లకు వినడం నేర్చుకున్నావప్పా," అన్నారు. ఆ గొంతులో ఏదో బరువు దించుకున్నట్టు వినిపించింది. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. ఏదో టైమ్ టేబుల్ సంగతి అయ్యుంటుంది, ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ వారం చివరినుంచి ఆమె రావడం ఆగిపోయింది. నా పక్క బల్ల తెలుగు మాస్టరు ఓబులేసుది. ఆయనకు ఫోన్ చేశాను.

"ఆపరేషనని నీతోనే కదప్పా చెప్పింది? హైదరాబాదుకు పోతాండా అనింది. ఆ మాట నా చెవిన పడతానే నేను లేసి వరండాలోకి పోతిని. నీతో సొంతంగా చెప్పుకుంటాంటే నేను వినడం బాగుండదు కదా. ఇరవై నిమిషాలైనా మాట్లాడినట్టుండాది. ఏమని చెప్పింది?"

నేను ఫోన్ పెట్టేశాను. ఓబులేసు మర్యాద తెలిసిన మనిషి కాబట్టి దూరం జరిగాడు. ఆ మాటలు విన్నవాళ్ళు ఇక ఎవరూ లేరు.

రెండు రోజులు తటపటాయించి మేడమ్ నంబరుకు చేశాను. ఆమె చెల్లెలు, అక్కను ఆపా అని పిలిచే షమీమ్ ఎత్తారు. "ఆపాకు మాట్లాడేదానికి కాదు సార్ ఇప్పుడు. శేఖరుకు అన్నీ చెప్పినాను, భయం లేదు అనింది," అన్నారు. దానికీ నేను సరేనన్నాను. మేడమ్ కోలుకోలేదు. నెల తిరక్కుండానే పోయారు.

కర్నూలులో ఆ ఇంటికి వెళ్ళినప్పుడు షమీమ్ నన్ను వంటింట్లోకి పిలిచారు. గట్టు మీద కంప్యూటరు అలాగే ఉంది. "ఆపా మీకేం చెప్పిందో నాకూ చెప్పండి సార్. నాకేమీ చెప్పలేదు. నేను ఏడుస్తానని." ఆమె నా ముఖం వైపే చూస్తున్నారు. ఆ చూపు ముందు వినలేదని అనలేకపోయాను. "క్లాసులు ఆపొద్దని చెప్పారు," అన్నాను.

షమీమ్ ఆ మాట పట్టుకుని సంస్థను నిలబెట్టారు. తనకు ఏమాత్రం తెలియని పని నేర్చుకున్నారు. మేము వరండాతో సహా ఆ భవనాన్ని అలాగే ఉంచాం. లక్ష్మీదేవికి ఉద్యోగం వచ్చింది. మంచే జరిగింది కదా అని నన్ను నేను ఊరడించుకోవడానికి చాలా ప్రయత్నించాను. మేడమ్ నిజంగా ఏం కోరుకున్నారో? ఆపేయమన్నారేమో. షమీమ్‌ను ఈ బరువులోకి లాగవద్దన్నారేమో. ఎవరికో ఏదో అందించమన్నారేమో. అది ఈరోజుకీ ఎక్కడో అందకుండా మిగిలి ఉందేమో.

పోయిన ఏడాది కర్నూలు వెళ్ళి షమీమ్‌కు అంతా చెప్పేశాను. వేరే ట్యాబు సంగతి, ఆ అబద్ధం, అన్నీ. ఆమె దుపట్టా కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నారు. కోప్పడతారని ఎదురుచూశాను.

"అయితే ఆపా చివర్న ఏం చెప్పిందో ఎవరికీ తెలీదు."

"తెలీదు."

చుట్టుకున్న కొంగు విప్పుకుంటూ, "మీరు వినలేదని తెలీకుండానే పోయింది. అదొక్కటే మేలు," అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత కూడా సంస్థ పనుల మీద నాతో మాట్లాడుతూనే ఉన్నారు. మేడమ్ మాట మాత్రం ఎత్తరు. నేనూ ఎత్తను.

కడప క్లాసులు మేడమ్ పోయినప్పుడే మానేశాను. ఇప్పుడు కంప్యూటరులో ఆ ఒక్క పేజీనే తెరిచి ఉంచుతాను. అయినా మనసు ఒక్కోసారి ఎటో పోతుంది. నిన్న మహానంది వైపు నుంచి చేరిన కొత్త అమ్మాయి వరండాలో నాతో ఏదో చెబుతోంది. వాళ్ళ అత్తగారి ఊరని, పరీక్ష ఫీజని ఏవో మాటలు చెవిని తాకి పోయాయి. ఆమె ఆగి నా జవాబు కోసం చూసింది. అలవాటుగా సరేనమ్మా అనబోయి ఆగాను.

"నేను సరిగ్గా వినలేదమ్మా. మళ్ళీ చెప్పు," అన్నాను.

"అయ్యో, దానికేముండాది సార్," అని ఆమె మొదటినుంచీ చెప్పింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.