కృష్ణలో దిగేవాళ్ల చలి

చదువు కాగానే నాకు నందికొండ దగ్గర, కృష్ణ లోతు కొలిచే సర్వే క్యాంపులో ఓవర్సీరు పని దొరికింది. రోజూ పొద్దున వాతావరణం ఎట్లా ఉందో ఇంగ్లీషులో రాయాలి. ‘కోల్డ్’ అని రాస్తే ఎండ ఎక్కేదాకా ఎవరూ నీళ్లలో దిగనక్కర్లేదు. ‘కూల్’ అయితే తెల్లవారగానే దిగాలి. దిగేది మేము కాదు. వెట్టికి పట్టుకొచ్చిన ఊరివాళ్లు కొలకర్ర పట్టుకొని రొమ్ములోతు నీళ్లలో నిలబడేవాళ్లు.

ఆ రెండు మాటలూ ఒకటి కావు. కూల్ అంటే ఒంటికి హాయి, ఎండలోంచి వచ్చినవాడికి కుండనీళ్ల వంటిది. చిల్లీ అంటే ఒళ్లు ముడుచుకునేది. కోల్డ్ అంటే ముడుచుకున్నా లాభం లేనిది. ఫ్రీజింగ్ మన దిక్కు అక్కర్లేదు.

పుష్య మాసం. కర్ర పట్టే ముసలాయన విడవకుండా దగ్గుతున్నాడు. నేను కోల్డ్ అని రాశాను. ఇంజనీరు దొర దాన్ని కొట్టేసి కూల్ అని రాశాడు. అప్పుడాయన గొంగడి కప్పుకొని ఉన్నాడు. దొర బసకు వస్తే ఊరు మంచాలూ గొంగళ్లూ ఇచ్చుకోవాలి కదా, ఆ గొంగడి ముసలాయనదే.

“నీళ్లల్ల నిలబడేటోళ్లకు ఇది కూల్ కాదు సార్.”

“లండన్ల గిసొంటి పొద్దును ఎండకాలమంటరు. నీకు ఇంగ్లీషు సరిగ రాదు.”

ఆయన అక్కడ చదివొచ్చినవాడు. తేడా నాకంటే బాగా తెలుసు. తెలిసే కొట్టేశాడు. అదే నాకు ఇప్పటికీ మండుతుంది.

డేరా బయటికొచ్చి, “జర ఆగు తాతా, పొద్దెక్కనీ,” అన్నాను.

“దొర ఏమని రాసిండు సారూ?”

“హాయిగ ఉన్నదని.”

“మరి గంత హాయి నాకొక్కనికే ఎందుకు? ఆయనను గూడ దిగుమను.”

పక్కవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వి, దగ్గి, దిగాడు. దిగకపోతే కొడుకును పట్టుకొస్తారు.

నీళ్లలోకంటే తడిసి గాలిలోకి వచ్చినప్పుడే చలి ఎక్కువ. గట్టెక్కిన ముసలాయన నిలబడలేకపోయాడు. ఒళ్లు కాలిపోతుంటే మంచం మీద ఊరికి మోసుకుపోయారు.

మర్నాడు కొడుకునే తెచ్చారు. నేను మళ్లీ కోల్డ్ అని రాశాను. దొర కొట్టేశాడు. దాని కిందనే ఇంకోసారి రాశాను. ఇంగ్లీషు చాలదని నన్ను అప్పటికప్పుడు కల్వకుర్తికి బదిలీ చేసి పంపేశారు. నేను బండెక్కేటప్పటికి కొడుకు కర్ర పట్టుకొని నీళ్లలో ఉన్నాడు. ఎండ ఇంకా రాలేదు.