గుసగుసల గారు

మా ఆఫీసులో గుసగుసల గారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. పుస్తకంలో వాలుగా అచ్చయిన మాట కనిపిస్తే గుసగుసగా చదవాలి, లావుగా అచ్చయింది కనిపిస్తే అరవాలి. ఏ మాట వాలో, ఏది లావో గుర్తులు పెట్టిన ఎక్స్ఎంఎల్ ఫైళ్లలో ఉన్న పుస్తకాల్ని వెబ్ పేజీలుగా మార్చడం మా పని. మార్చిన ప్రతి పేజీనీ ఆయన అలాగే పైకి చదివి సరిచూసేవారు. కొత్తగా చేరినవాళ్లు మర్నాడే సీటు మార్చమనేవారు.

ఇంట్లోనూ అంతేనట. "కూరలో" అని మామూలుగా మొదలెట్టి "ఉప్పు!" అని గావుకేక పెడితే పక్కింటివాళ్లు పరిగెత్తుకొచ్చారని వాళ్లావిడ వాపోయేది.

ఒక ముసురు రోజు పొద్దున్నే మేనేజరు కొత్త స్టైల్‌షీట్‌తో ఓ దయ్యాల నవలని మార్చేశాడు. ఫైలు పేజీగా ఎలా మారాలో చెప్పే ఆ సూత్రాల పట్టీ మాటల్ని మాత్రం తీసుకుని, వాటి చుట్టూ ఉన్న వాలు, లావు గుర్తుల్ని ఊడ్చి పారేసింది.

"మాటలన్నీ ఉన్నాయి కదండీ, ఇంకేం పోయింది?" అన్నాడు.

"శవానికీ అవయవాలన్నీ ఉంటాయండీ," అని గుసగుసల గారు పాత సామాన్ల గదిలోకి పోయి తలుపు వేసుకున్నారు.

మధ్యాహ్నానికి ఆ గదిలోంచి ఆడగొంతు. గుసగుసగా.

"ఆయన గొంతు కాదు," అంది లెక్కలు చూసే ఆవిడ, మొహం పాలిపోయి. ఆవిడా, మేనేజరూ, నేనూ నక్కుతూ వెళ్లాం. ముందు నన్ను తోశారు. తలుపు మీద చెయ్యి వేశానో లేదో...

"తలుపు తియ్యకమ్మా. బయట ఉన్నది మీ నాన్న కాదు."

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. వెనకనుంచి మేనేజరు నా చొక్కా పట్టుకున్నాడు. గాలికో ఏమో, తలుపు దానంతటదే కిర్రుమంటూ తెరుచుకుంది.

లోపల లైటు లేదు. కంప్యూటరు వెలుగులో గుసగుసల గారు, నోరు మూసుకుని. గుసగుస మాత్రం ఆగలేదు. పక్కన చీకట్లో ఇంకో మనిషి.

మా టెలిఫోన్ ఆపరేటరమ్మ. ఆవిడకి చూపు లేదు. కంప్యూటరు చదివి వినిపిస్తే మా పుస్తకాలు వింటుంది.

"పొద్దున మీరు మార్చింది విన్నాను సార్," అంది మేనేజరుతో. "చచ్చిపోయిన తల్లి మాటలన్నీ వాలక్షరాల్లో ఉంటాయట. అవి పోయేసరికి తల్లీకూతుళ్లు ఒకే గొంతుతో కబుర్లాడుకుంటున్నారు. తల్లి చచ్చిపోయిందనే తెలియలేదు నాకు."

అందుకని గుసగుసల గారు స్టైల్‌షీట్ తిరగరాశారు. గుర్తులు చెక్కుచెదరకుండా పేజీలోకి రావాలి, వాలుమాట వస్తే యంత్రమే గొంతు తగ్గించాలి. మేం విన్న ఆడగొంతు, తల్లి మాటలు చదువుతున్న ఆ యంత్రానిదే. ఇన్నాళ్లూ యంత్రానికి ఆ విద్య రాదు కనక, పక్క బల్ల దగ్గరున్న ఆవిడకి వినపడేలా తనే చదువుతూ వచ్చారట.

"ఏం, దయ్యాలకి భయపడే భాగ్యం మనకేనా?" అన్నారు మాతో.

ఆపరేటరమ్మ చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది. "అబ్బ, ఎంత భయమేసిందో అన్నయ్యా! తర్వాతి అధ్యాయం పెట్టండి. మీరంతా తలుపు వేసి కూర్చోండి, గాలి హోరులో వినపడట్లేదు."

కూర్చున్నాం. తలుపు పక్క కుర్చీ కోసం మాత్రం ఎవరూ పోటీ పడలేదు.