ఫ్లెక్సీల మీద నా యుద్ధం

ఒక మనిషి తన పరువును తన చేతులతోనే, అదీ ఎదురుగా ప్రొఫెసర్లను కూర్చోబెట్టుకుని మరీ తీసుకోవడం మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇది చదవండి. అలా తీసుకున్నది నేనే. నన్నెవరూ కుట్ర చేసి పడేయలేదు, శత్రువులు లేరు, గ్రహాలు కూడా బాగానే ఉన్నాయట. నా అంతట నేనే పడ్డాను.

అప్పుడు కర్నూల్లో ఆనర్స్ డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్నాను. ఆనర్స్ అంటే ఏమిటని మా నాయన అడిగితే, అందరికంటే ఒక ఏడు ఎక్కువ చదవడం అని చెప్పాను. ఆ ఏడంతా మామూలు డిగ్రీవాళ్ల వైపు కొంచెం జాలిగా చూడటం కూడా అందులో భాగమేనని చెప్పలేదు. ఏటా మాలో ఒకరికి ఉత్తమ విద్యార్థి అవార్డు ఇస్తారు. పరిశోధన, సేవ, క్యాంపస్ జీవితం, ఈ మూడింట్లోనూ వెలిగినవాళ్లకే. అవార్డు వచ్చినవాళ్లను ఎండాకాలం సెలవుల్లో బెంగుళూరులో ఒక పెద్ద పరిశోధనశాలకు పంపుతారు. నాకు కావలసింది అదే. కోయిలకుంట్లలో కిరాణా అంగడి నడిపే మా నాయన మాత్రం ఒకే మాట అన్నాడు. "ప్రైజు వస్తే బెంగుళూరు పో. రాకపోతే వచ్చి అంగట్లో కూచో." అంటే ఎండాకాలమంతా మైక్రోస్కోపు ముందా, శనగపప్పు బస్తా ముందా అన్నది ఆ అవార్డే తేల్చాలి.

నా పరిశోధన ఫ్లెక్సీల మీద. నవ్వకండి. మా సీమలో ఫ్లెక్సీ లేకుండా ఏ మంచి పనీ జరగదు. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, చెవులు కుట్టిస్తే ఫ్లెక్సీ, కొత్త అధికారి వస్తే ఫ్లెక్సీ, ఆయన బదిలీ మీద పోతే ఇంకా పెద్ద ఫ్లెక్సీ. మధ్యలో ఒక పెద్ద ముఖం, పైన వరసగా నాయకుల ముఖాలు, కింద నల్లద్దాలు పెట్టుకుని ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు ఫోజిచ్చిన శుభాకాంక్షలవాళ్ల ముఖాలు. ఈ ప్లాస్టిక్ అంతా చివరికి ఎక్కడ చేరుతున్నదో కనుక్కోవడమే మా పని. మా అంటే నేనూ, రిజ్వానా. ఆమె పాతబస్తీ పిల్ల, నా క్లాసే. టేపు పట్టుకుని ఎండలో కొలవడం ఆమె వంతు, కొలిచినదాని గురించి నీడలో మాట్లాడటం నా వంతు.

ఇక సేవ. 'ఫ్లెక్సీ లేని క్యాంపస్' అని ఒక ఉద్యమం మొదలుపెట్టాను. జూనియర్లు రోజూ పొద్దున్నే గోడలకూ గేటుకూ కట్టిన ఫ్లెక్సీలు దించేవాళ్లు. వాటిని కల్లూరు అవతల బర్రెల కొట్టాలకు కప్పుగా ఇచ్చాం. ఆ బర్రెలు ఇప్పటికీ నాయకుల చిరునవ్వుల నీడలో నెమరు వేస్తున్నాయి. క్యాంపస్ జీవితం కింద చూపడానికి నాకు ముగ్గుల పోటీలో మూడో బహుమతి ఉంది. పోటీలో దిగింది ముగ్గురమే అన్న సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆఖరి వడపోతలో నేనూ రిజ్వానా మిగిలాం. సోమవారం కమిటీ ముందు విడివిడిగా మాట్లాడాలి. ఆ శుక్రవారం మా చిన్నాయన ఫోన్ చేశాడు. మా చిన్నాయనకు ఊళ్లో ఎవరి ఇంట్లో ఏ శుభం జరిగినా తనే చేసినంత సంబరం. ఫ్లెక్సీలు కొట్టే షాపాయన ఆయనకు ప్రాణస్నేహితుడు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

"ఏం పాపా, ప్రైజు వచ్చినట్టేనా?"

ఇంకా ఇంటర్వ్యూ ఉందని చెప్పాలి. కానీ 'వచ్చినట్టేనా' అని అంత ప్రేమగా అడిగితే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? "వచ్చినట్టే చిన్నాయనా" అన్నాను.

"అట్లయితే మన అంగడి ముందర ఒగ ఫ్లెక్సీ కట్టిస్తా. మంచి ఫోటో ఒగటి పంపీ."

ఇక్కడ కొంచెం ఆగి నా పరిస్థితి చూడండి. ఏడాదిగా ఊరందరి ఫ్లెక్సీలూ దింపిస్తున్న మనిషిని. ఫ్లెక్సీ అంటే నాగరికతకు పట్టిన తెగులు అని వ్యాసం రాసినదాన్ని. వద్దు అనడానికే నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి "చిన్నదే గదా?" అని వచ్చింది.

"శానా చిన్నది" అన్నాడు చిన్నాయన. "మన ఊర్లోనే."

మన ఊర్లోనే అంటే పరవాలేదనిపించింది. కోయిలకుంట్లలో ఫ్లెక్సీ కడితే కర్నూలు పర్యావరణానికి ఏం నష్టం? ఆ సాయంత్రం చదువు పక్కన పెట్టి ఫోటో ఏరడానికి కూర్చున్నాను. నవ్వినవి, నవ్వనివి, పక్కకు తిరిగినవి అన్నీ చూసి, చివరికి చేతిలో పుస్తకంతో దూరంగా భవిష్యత్తు వైపు చూసి నవ్వుతున్న ఫోటో పంపాను. రంగు కొంచెం తేలేలా చూడమని కూడా రాశాను.

ఆదివారం జూనియర్ల గ్రూపులో ఒక ఆజ్ఞ జారీ చేశాను. రేపు పొద్దున గేటు దగ్గర ఏ ఫ్లెక్సీ దొరికినా దించి, చుట్టి, సెమినార్ హాలుకు తెండి, కమిటీ ముందు నేనే విప్పి చూపిస్తాను, ఎవరిదైనా సరే భయపడొద్దు అని. కళ్లముందు సాక్ష్యం పెడితే కమిటీ కదిలిపోవాలని నా పథకం.

సోమవారం హాలులో కమిటీ కూర్చుంది. పెద్దాయన కడప నుంచి వచ్చిన ప్రొఫెసరు. ఆయన నవ్వడం ఎవరూ చూడలేదని మా డీన్ మేడం ముందే భయపెట్టింది. జూనియర్లు చుట్టిన ఫ్లెక్సీ మోసుకొచ్చి నా పక్కన పెట్టారు. వాళ్లలో శైలజ అనే పిల్ల నా చెవి దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఇదే విప్పాల్నా?"

"ఇదే."

"ఒగసారి మీరు చూస్తే మేలేమో. ఇది నాయకులది కాదక్కా."

"ఎవరిదైనా సరే అంటి గదా" అని విసుక్కున్నాను. పాపం ఆ పిల్ల ఏదో చెప్పబోయి, అక్క పథకం ఏదో పెద్దదే అనుకుని వెనక్కి పోయింది.

నేను మొదలుపెట్టాను. భూమి గురించి, నీటి గురించి, కాల్చితే వచ్చే పొగ గురించి చెప్పాను. తన వంతు కోసం వెనక వరసలో కూర్చున్న రిజ్వానా మెచ్చుకోలుగా తలాడిస్తోంది. ఆ ఊపులో ఆగలేక, "సార్, ఈ ఫ్లెక్సీలో ఉన్న మనిషిని ఒక్క ప్రశ్న అడగాలనుంది. తన ముఖం ఊరంతా చూడాలన్న ఈ ఆకలి ఎక్కడిది?" అని గొంతు వణికించి, ఇద్దరు జూనియర్లకు సైగ చేశాను. వాళ్లు చెరో కొస పట్టుకుని విప్పారు.

ముందు చిన్నాయన వచ్చాడు, నల్లద్దాలతో. తర్వాత మా నాయన, మా మేనత్తల మొగుళ్లు, అంగట్లో పనిచేసే ఇద్దరు. చివరగా నేను. గోడంత ఉన్నాను. చేతిలో పుస్తకం, చూపు భవిష్యత్తు వైపు. రంగు తేల్చమన్నాను కదా, బాగా తేల్చారు, సున్నం కొట్టిన గోడలా ఉన్నాను. పైన ఎర్రటి అక్షరాల్లో ఉన్నదాన్ని కడప ప్రొఫెసరు కళ్లద్దాలు సర్దుకుని నిదానంగా చదివాడు. "ఫ్లెక్సీ లేని క్యాంపస్ సాధించి ఉత్తమ విద్యార్థిగా ఎంపికైన మా సుధారాణికి హార్దిక శుభాకాంక్షలు."

నాకు భూమిలోకి పోవాలనిపించింది, కానీ అది మొదటి అంతస్తు.

అప్పుడు లేచింది రిజ్వానా. నాకు పోటీగా ఉన్న పిల్ల, నోరు మూసుకుంటే అవార్డు ఒళ్లో పడే పిల్ల. "సార్, సుధ కావాలనే ఇట్ల చేసింది. ఇంకొకర్ని అనేముందు మనల్ని మనం అనుకోవాలని చెప్పడానికి" అంది.

పెద్దాయన నన్ను తేరిపార చూశాడు. "నిజమా అమ్మా?"

నేను తలూపాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి సిగ్గుతో వచ్చినవే అయినా, ఆయనకు ఆదర్శంతో వచ్చినట్టు కనిపించాయి. "తన ముఖాన్నే ఉదాహరణగా పెట్టుకోవడానికి శానా ధైర్యం కావల్ల" అన్నాడు. ఆయన నవ్వడం ఆ రోజు మా యూనివర్సిటీ చూసింది. పెన్ను తీసి ఏదో రాసుకోబోయాడు. బెంగుళూరు నాకు బస్టాండు అంత దగ్గరగా కనిపించింది.

అంతలో తలుపు తోసుకుని చిన్నాయన వచ్చాడు. చేతిలో గజమాల, వెనకాల మిఠాయి పెట్టెతో మా నాయన.

"ఎవురప్పా మా పాప ఫ్లెక్సీ దించింది? పొద్దుననే గదా కట్టి పోయినాం."

నేను చేతులతో, కళ్లతో, కనుబొమలతో వద్దని సైగలు చేశాను. చిన్నాయన అవి ఆనందం అనుకున్నాడు.

పెద్దాయన పెన్ను ఆపాడు. "ఇది మీరు కట్టించినారా?"

"మేమే సార్. అంగడి ముందర ఒగటి చాలంటే నాకే మనసొప్పలేదు. ప్రైజు ఇచ్చేవాళ్లకు తెలియొద్దా? అందుకే ఈడ గేటుకూ కట్టినా. ఫోటో మాత్రం పాపే ఏరి పంపిచ్చినాది, రంగు బాగా రావల్లని కూడా రాసినాది."

"ఇది ఒగటేనా?"

"ఒగటేంది సార్" అన్నాడు చిన్నాయన నొచ్చుకుని. "కోయిలకుంట్ల నుంచి ఈడదాకా దారి పొడుగునా కట్టినాం. మీరు కడప నుంచి వచ్చినారు గాబట్టి కనపల్లేదు."

పెద్దాయన పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. అబద్ధం చెప్పిన పిల్లకు అవార్డెలా ఇస్తారు? రిజ్వానా మాత్రం నన్ను నమ్మి అలా అందనుకున్నారు, సాయంత్రానికి ఆమె పేరు చదివారు. ఏడాదంతా ఎండలో టేపు పట్టుకుని నిలబడింది ఆమే కాబట్టి అన్యాయం జరిగిందని అనడానికీ లేదు. అయినా హాస్టల్ గదిలో తలుపేసుకుని బాగా ఏడ్చాను. నా కోసం అబద్ధమాడిన పిల్ల అది, నేను దాని ముందు ముఖం ఎత్తలేకపోయాను.

ఆ ఎండాకాలం రిజ్వానా బెంగుళూరులో ఉంది, నేను శనగపప్పు తూస్తూ అంగట్లో ఉన్నాను. చిన్నాయన నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "నా వల్లనే గదా పాపా" అంటూ తిరిగాడు. ఐదో రోజు మనసు తేలిక చేసుకునే దారి కనుక్కున్నాడు. పొద్దున అంగడి తలుపు తీసేసరికి ఎదురుగా కొత్త ఫ్లెక్సీ. మధ్యలో రిజ్వానా, పైన 'ఫ్లెక్సీలపై పోరాడిన వీరవనితకు శుభాకాంక్షలు'. కింద శుభాకాంక్షలు తెలిపేవాళ్ల వరసలో చిన్నాయన, ఆయన పక్కన నల్లద్దాలు పెట్టుకుని ఫోన్ మాట్లాడుతూ నేను.

నా ఫోటో ఎవరిచ్చారని అడగకండి. ఆయన అంత దిగులుగా ఉండి అడిగితే ఇవ్వకుండా ఎట్లా?

కాబట్టి, పాఠకులారా, శనగపప్పు బస్తా మీద చెయ్యి పెట్టి మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఏ ఫ్లెక్సీకీ నా ఫోటో ఇవ్వను. ఇచ్చినా, ఏరి ఇవ్వను.